శబ్దం లేని బండి

వంచి కిక్కు కొడితే స్టార్టవని స్కూటరు ఈ భూమ్మీద పుట్టలేదు. పుడితే మా తరం వాళ్ళం దాన్ని పుట్టినచోటికే తోసుకెళ్ళి దింపి వస్తాం. అందులోనూ కిక్కు కొట్టడంలో మా మామయ్యది మరీ అందెవేసిన కాలు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆయన తన స్కూటరు వంచాడంటే, వీధి చివర మొరాయించిన బండి కూడా భయపడి స్టార్టయ్యేది.

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. అత్తయ్యకి పదింటికి డ్రైవింగ్ టెస్టు. యాభై దాటాక కూతురింట్లో పట్టుబట్టి నేర్చుకుంది. ఇవాళ తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా పిలవరు. టెస్టు కోసం కూతురు తన బండిని రాత్రే తెచ్చి వదిలి వెళ్ళింది.

"మైదానం దాకా నేను నడుపుతా. అక్కడ నువ్వు నడుపు," అన్నాడు మామయ్య, దాన్ని మొదటిసారి చూస్తూ. అత్తయ్య తాళం తిప్పి వెనక కూర్చుంది. బండి కిక్కురుమనలేదు.

"స్టార్టయిందండీ."

"శబ్దమేదే? నాకేమన్నా చెవుడా?"

"అది కాదండీ, ఇది చార్జింగు..."

"నువ్వూరుకో. బండి సంగతి నాకు నేర్పకు."

అత్తయ్యని దింపి, బండి పక్కకి వంచి, కాలు విసిరాడు. గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"కిక్కు రాడ్డు ఎత్తుకెళ్ళార్రోయ్!"

ఆ కేకకి ఎదురింటి టైలరూ, పక్కింటి రేడియో మెకానిక్కూ పరుగెత్తుకొచ్చారు. ఇద్దరూ మామయ్య ఈడువాళ్ళే.

"ప్లగ్గు తుడిచావా బావా?" అంటూ టైలరు వంగి చూశాడు. "ఓరి నాయనో, ప్లగ్గూ లేదు!"

"సైలెన్సరో?"

"అదీ పోయింది. పెట్రోలు ట్యాంకూ పోయింది!"

"ఎంత తీరిగ్గా పీకార్రా వెధవలు! ఒక్క గీత పడలేదు," అని మెచ్చుకున్నాడు మెకానిక్.

"అన్నయ్యా, నా మాట కాస్త..." అంది అత్తయ్య.

"ఏడవకు చెల్లెమ్మా. టెస్టు ముందు, దొంగలు తర్వాత. తోసుకెళ్ళి చూపిస్తే ఆఫీసరే జాలిపడి ఇంకో రోజిస్తాడు. నువ్వు హ్యాండిలు పట్టుకు కూర్చో, చాలు," అన్నాడు టైలరు.

అత్తయ్య ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. వాళ్ళు వెనక చేతులు ఆనించి "ఒకటి, రెండు" అన్నారు. మూడు అనేలోగా చేతుల కింద బండి లేదు. ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడ్డారు.

"బ్రేకులూ పీకేశారేమో, ఆగట్లేదు!" అంటూ మామయ్య లేచి పరుగు తీశాడు. మిగతా ఇద్దరూ వెంటపడ్డారు.

వాళ్ళు రొప్పుతూ మైదానం చేరేసరికి, అత్తయ్య కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిరిగి ఆగింది. "పాసమ్మా," అన్నాడు ఆఫీసరు.

"ఆ బండిలో ఏమీ లేదు సార్!" అని అరిచాడు మామయ్య.

"బ్యాటరీ ఉందిగా పెద్దాయనా. ఇంకేం కావాలి?"

ముగ్గురూ బండిని వదిలేసి ఆకాశం చూశారు. ముందుగా తేరుకున్నది మామయ్యే. "సరే పద, ఇంటికి నేను నడుపుతా."

"ముందు మీ లైసెన్సు చూపించండి," అన్నాడు ఆఫీసరు.

దాని గడువు తీరి ఏడాదైందని అప్పుడే తెలిసింది.

మామయ్య వెనక సీట్లో కూర్చుని ఇంటికొచ్చాడు. బండి మూగగా పోతుంటే ఆయనకి ప్రాణం ఊరుకోలేదు. దారి పొడవునా నోటితో "డుర్‌ర్‌ర్" అంటూ, మలుపు దగ్గర గేరు తగ్గించి, మలుపు దాటాక మూడో గేరు వేశాడు. అత్తయ్య నవ్వుతూ నడిపింది. ఇందులో మూడో గేరొక్కటీ నా కల్పన. ఆ వీధి గుంటల్లో ఎవరూ రెండో గేరు దాటలేరు.