మా భుజాలుండగా ర్యాంపెందుకు?

సమానత్వం బందరు చేరింది. బస్టాండు వెనక సందులో, ఫొటోస్టాట్ కొట్టు పైన, మొదటి అంతస్తులో బస చేసింది. చూడదలచిన వారు మెట్లెక్కి వెళ్లవచ్చు. లిఫ్టు లేదు.

దాని పూర్తి పేరు 'సమదృష్టి సామాజిక సమానత్వ, దివ్యాంగ న్యాయ సలహా సంస్థ'. అధిపతి సుప్రజ గారు. ఢిల్లీలో సామాజిక శాస్త్రం చదివారు. అక్కడి అన్యాయాలన్నిటినీ అప్పటికే ఎవరో ఒకరు చూసుకుంటున్నారని తేలడంతో, ఇక్కడివి ఇంకా మిగిలే ఉంటాయన్న ఆశతో సొంతూరు వచ్చేశారు. ఆమె తండ్రి వేంకటేశ్వర్లు గారు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. సంస్థ ఏ పని తలపెట్టినా దానికి గంభీరమైన పేరు పెట్టడం ఆయన బాధ్యత. మెట్లకు ఆయన 'ఊర్ధ్వగమన అవరోధ శ్రేణి' అని పేరు పెట్టారు. మెట్లు అలాగే ఉన్నాయి గానీ, సమస్య సగం తీరినట్టు అందరికీ అనిపించింది.

సంస్థలో మూడో మనిషి శ్రీదుర్గ. ఈ కథ ఆమెది. హంసలదీవి దగ్గర చేపలు పట్టే కుటుంబం. బీకాం ఫస్ట్ క్లాస్. చిన్నప్పటి నుంచి చక్రాల కుర్చీ ఉంది. అంతకన్నా చిన్నప్పటి నుంచి నోరు ఉంది. సంస్థలో ఆమె హోదా 'అనుభవ సంచాలకురాలు'. సంస్థ పైన, సంచాలకురాలు కింద. ఫొటోస్టాట్ కొట్టు పక్కన, మెట్ల కింది నీడలో ఆమె బల్ల. అపార్ట్‌మెంట్లలో పాలప్యాకెట్లు పైకి లాక్కోవడానికి బుట్టా తాడూ ఉంటాయి చూశారూ, అలాంటి బుట్టలోనే ఆఫీసు కాగితాలు పైకీ కిందికీ తిరిగేవి. ఈ ఏర్పాటును సుప్రజ గారు వికేంద్రీకరణ అన్నారు. ఒకనాడు కాగితాలతో పాటు వేడి పెసరట్టు కూడా దిగింది. ఆ రోజు వికేంద్రీకరణ మీద శ్రీదుర్గకు కూడా కాస్త గౌరవం కలిగింది.

సంస్థ పనితీరు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్దాం. గూడూరులో అధికారులకు సానుభూతి శిక్షణ ఇచ్చారు. అందరి కళ్లకూ గంతలు కట్టి హాల్లో వదిలారు. ఏ ఒక్కరి సాయమూ లేకుండా అధికారులందరూ జీడిపప్పు పళ్లెం దగ్గరికి చేరుకున్నారు. ఈ ప్రాంతంలో అంధులకు ఎలాంటి ఇబ్బందీ లేదని నివేదిక వెళ్లింది.

శ్రీదుర్గ పని తేలిక. ఏ సభ జరిగినా ఆమెను కుర్చీతో సహా వేదిక మీదికి ఎత్తి పెడతారు. "మాకు జాలి వద్దు, హక్కు కావాలి" అని ఒకే ఒక్క వాక్యం చెప్పాలి. చప్పట్లు. శాలువా. ఫొటో. మళ్లీ ఎత్తి దించుతారు. శాలువాలు బీరువాలో పట్టక, వాళ్లమ్మ వాటిని ఎండుచేపల బుట్టల మీద కప్పడం మొదలుపెట్టింది.

అలా ఉండగా పామర్రు నుంచి పిలుపు వచ్చింది.

పామర్రులో హైవే పక్కన కొత్తగా ఒక కల్యాణ మండపం వెలిసింది. వరద వస్తుందేమోనని బాగా ఎత్తుగా కట్టారు. వరద రాలేదు. ఎత్తు మాత్రం ఉండిపోయింది. దాని కమిటీ అధ్యక్షుడు సోమేశ్వరరావు గారికి బోర్డు మీద 'ఏసీ' అన్న మాట పక్కన 'సర్వజన సౌలభ్యం' అని కూడా రాయించాలని కోరిక. అందుకు సంస్థ వారి యోగ్యతా పత్రం కావాలి. పత్రం మీద అనుభవ సంచాలకురాలి సంతకం ఉండాలి.

శ్రీదుర్గ వచ్చి మెట్ల వైపు చూసింది.

"ర్యాంపు ఏదండీ?"

"ర్యాంపా?" సోమేశ్వరరావు గారు నొచ్చుకున్నారు. "మా భుజాలుండగా ర్యాంపెందుకమ్మా?"

అని, ఆమె ఇంకేదో అనేలోపు కుర్చీకి ఒక పక్క పట్టుకున్నారు. కమిటీ సభ్యులు తక్కిన పక్కలు పట్టుకున్నారు. కుర్చీ గాల్లోకి లేచింది. ఫొటోగ్రాఫరు అప్పటికే పై మెట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. మర్నాడు పేపర్లో 'మానవత్వానికి భుజం' అన్న శీర్షిక కింద సోమేశ్వరరావు గారి ముఖం పూర్తిగా, శ్రీదుర్గ మోచెయ్యి కొద్దిగా పడ్డాయి.

అప్పటి నుంచి పామర్రు చుట్టుపక్కల శ్రీదుర్గను మోయనివాడు పెద్దమనిషి కాకుండా పోయాడు. చదునైన రోడ్డు మీద టీ కొట్టుకు వెళ్తుంటే ఇద్దరు పరుగున వచ్చి ఎత్తేవారు. మోసిన వారంలోనే ఒకాయన చెరువులో రొయ్యలకు తెగులు తగ్గిందట. ఇంకొకాయన కోడలికి కోరిన చోటికి బదిలీ అయిందట. గుడివాడ నుంచి నడుం ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన డాక్టరు మాట వినకుండా వచ్చి ఒక చెయ్యి వేసి వెళ్లాడు. చివరికి జిమ్ నడిపే ఆంజనేయులు నాయకత్వంలో 'భుజబల సేవా సమితి' ఏర్పడింది. సభ్యులందరికీ ఆకుపచ్చ తువ్వాళ్లు. "మీరు ఎటు వెళ్లాలో చెప్పకండి మేడమ్, మేం తీసుకెళ్తాం" అనేవాడు ఆంజనేయులు. అతను మనసులో ఏమీ పెట్టుకోని మనిషి. ఆ మాటలో తప్పేముందో అతనికి ఎప్పటికీ తెలియలేదు.

సరిగ్గా ఈ సమయంలో శ్రీదుర్గకు పెళ్లి కుదిరింది. వరుడు భానుప్రకాష్. గుడివాడలో ఏసీలు బాగుచేస్తాడు. అతని వాళ్లు గుడివాడలో, ఆమె వాళ్లు దివిసీమలో. ఇద్దరికీ నడుమ పామర్రు. పెళ్లి ఆ మండపంలోనే అని పెద్దలు నిశ్చయించారు.

శ్రీదుర్గకు ఒకే ఒక్క పట్టుదల. తన పెళ్లి మండపంలోకి తన కుర్చీలో, తన చేతులతో, తానే వెళ్లాలి. ముందు మేనమామ వెంకటపతికి చెప్పింది. ఆయనకు సొంత పడవ ఉంది, సముద్రం మీద దేనికీ జంకడు.

"అదేంటే అమ్మాయ్! పెళ్లికూతుర్ని మేనమామ గంపలో ఎత్తుకు రావాలా వద్దా? కొత్త గంప అల్లించి అటక మీద పెట్టాను."

"గంపలో ఎత్తుకో మావయ్యా, వద్దన్నానా? అది ప్రతి పెళ్లికూతురికీ ఉండేదే. మెట్ల మీద ఎత్తడం నా ఒక్కదానికే. లోపలిదాకా నేనొస్తా. అక్కణ్ణించి పీటల దాకా గంప నీది."

"ఊళ్లోవాళ్లంతా నిన్ను ఎత్తేస్తుంటే, ఇంక నా వంతుకి ఏం మిగిలిందే అనుకున్నాను" అన్నాడు వెంకటపతి. "ఆ ర్యాంపేదో కట్టించు. లేకపోతే వలలో చుట్టి పడేస్తా ఆ కమిటీ వాళ్లని."

శ్రీదుర్గ బందరు వెళ్లి, మెట్ల కింద కుర్చీ ఆపి, బాల్కనీ వైపు తలెత్తి పిలిచింది.

"మేడమ్! పామర్రులో ర్యాంపు కట్టకపోతే పత్రం మీద సంతకం పెట్టను. ఇకమీదట సభల్లో ఆ వాక్యం కూడా చెప్పను."

సుప్రజ గారు బాల్కనీ అంచుకు వచ్చారు. సందులో వాళ్లు పనులాపి వింటున్నారు.

"నీ డిమాండ్ మన ఆశయానికి మరీ దగ్గరగా ఉంది దుర్గా, అదే ఇబ్బంది. ఆశయం కొంచెం దూరంలో ఉంటే అందరికీ గౌరవంగా ఉంటుంది."

"దూరంలోనే ఉంది మేడమ్. పైన, మీ పక్కన. నేను కింద ఉన్నాను."

ఫొటోస్టాట్ కొట్టు జాషువా ఈల వేశాడు. సుప్రజ గారు లోపలికి వెళ్లి సోమేశ్వరరావు గారికి ఫోన్ చేశారు.

సోమేశ్వరరావు గారు ససేమిరా అన్నారు. ర్యాంపు కడితే తామంతా ఏమైపోవాలని అడిగారు. పుణ్యానికి ఉన్న ఒక్క దారినీ సిమెంటుతో మూసేస్తారా అన్నారు. అయితే ర్యాంపుకు ప్రారంభోత్సవం ఉంటుందనీ, గోడలో పేరున్న రాతిపలక పొదగవచ్చనీ వేంకటేశ్వర్లు గారు గుర్తుచేశాక ఆయన హృదయం మారింది. పలక ముందు వచ్చింది. ర్యాంపు తర్వాత వచ్చింది. శ్రీదుర్గ మేస్త్రీ పక్కనే కూర్చుని వాలు కుదిరేదాకా కదల్లేదు. కుర్చీ ఎలాగూ తనదే ఉంది. కాబట్టి ర్యాంపు నిజంగానే బాగా కుదిరింది. ప్రారంభోత్సవం పెళ్లిరోజు ఉదయమే జరగాలని, అంతవరకు ఎవరూ దాన్ని వాడరాదని కమిటీ తీర్మానించింది.

పెళ్లిరోజు వచ్చింది.

ఎదురింట్లో గౌరీపూజ ముగించుకుని, పట్టుచీరలో, బుగ్గచుక్కతో శ్రీదుర్గ రోడ్డు దాటి వచ్చింది. వచ్చి చక్రాలు పట్టి ఆపేసింది.

ర్యాంపు మీద సభ జరుగుతోంది.

ప్రారంభించేది ర్యాంపును కనుక వేదిక కూడా ర్యాంపు మీదే ఉండాలని కమిటీ భావించింది. ఎర్ర తివాచీ పరిచారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దలు కూర్చున్నారు. వాలు వాలే గనుక, ఉపన్యాసాలు సాగే కొద్దీ కుర్చీలు మెల్లగా కిందికి జారుతున్నాయి. ప్రతి వక్తా మొదలుపెట్టిన చోటు కన్నా ఒక మూర కింద ముగిస్తున్నాడు.

"ఈ వాలు కేవలం సిమెంటు కాదు! ఇది మన మనసుల వాలు!" అంటున్నారు సుప్రజ గారు మైకులో. వేంకటేశ్వర్లు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తల ఊపుతున్నారు.

ఫోన్ మోగింది. లోపల పీటల మీద నుంచి భానుప్రకాష్.

"ఎక్కడున్నావు? ముహూర్తం దగ్గర పడిందని పంతులు గారు కంగారు పడుతున్నారు."

"ర్యాంపు కింద. పైన సమానత్వం మాట్లాడుతోంది."

"నేను దిగి రానా?"

"నువ్వు దిగొస్తే నాకీ ర్యాంపెందుకయ్యా? కూర్చో."

ఇంతలో ఆకుపచ్చ తువ్వాళ్లు చుట్టుముట్టాయి. "మేడమ్, మెట్ల మీంచి ఎత్తేస్తాం. క్షణంలో పని" అన్నాడు ఆంజనేయులు చేతులు రుద్దుకుంటూ. వెనక వెంకటపతి ఖాళీ గంపతో నిలబడి పళ్లు నూరుతున్నాడు. ఎత్తించుకుంటే ముహూర్తం దక్కుతుంది. కాదంటే తప్పిపోతుంది. ఆంజనేయులు చెయ్యి కుర్చీ మీద పడింది.

శ్రీదుర్గ ఆ చేతిని పట్టుకుంది.

"ఆంజనేయులు గారూ, నేను తర్వాత. ముందు ఆ పెద్దల్ని చూడండి, పాపం. ఎక్కలేక, దిగలేక జారిపోతున్నారు. ఇంతమంది భుజాలుండి ఒక్కరూ పట్టించుకోరేం?"

ఆంజనేయులు చూశాడు. సోమేశ్వరరావు గారి కుర్చీ అప్పుడే ఇంకాస్త జారింది. ఆయన 'అయ్యో' అన్నారు. సమితికి ఆ ఒక్క శబ్దం చాలు. ఎన్నాళ్లుగానో ఒక్క మనిషితో సరిపెట్టుకుంటున్న భుజాలన్నీ ఒక్కసారిగా లేచాయి. సోమేశ్వరరావు గారు గాల్లోకి లేచారు. వేంకటేశ్వర్లు గారు లేచారు. సుప్రజ గారు మైకుతో సహా లేచి, గాల్లోనే వాక్యం పూర్తి చేశారు. "వద్దయ్యా, నేను నడవగలను!" అని సోమేశ్వరరావు గారు మొత్తుకున్నారు. "మొదట్లో అందరూ అలాగే అంటారండీ" అన్నాడు ఆంజనేయులు ప్రేమగా. మెట్ల మీదుగా అందరినీ భద్రంగా పైకి చేర్చారు.

ర్యాంపు ఖాళీ అయింది.

శ్రీదుర్గ గాజుల చేతులతో చక్రాలు తోసుకుంటూ వెళ్లింది. ఎవరూ పట్టుకోలేదు. సగంలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. వెనక్కి చూసి మేనమామకు కన్నుకొట్టింది. పైకి చేరాక వెంకటపతి గంప దించాడు, ఆమె కూర్చుంది, ఆయన ఎత్తాడు. ఆ పొద్దు మండపంలో అంత గర్వంగా నడిచిన మనిషి ఇంకొకడు లేడు. ముహూర్తానికే జీలకర్ర బెల్లం పెట్టారు. తాళి పడింది. బాజాలు మోగాయి.

అప్పగింతలయ్యాక కొత్త దంపతులు బయటికి వచ్చారు. గుడివాడ వెళ్లే కారు కింద ఆగి ఉంది.

ర్యాంపు నిండా మోటారు సైకిళ్లు.

పై అంచు నుంచి కింది దాకా ఒకదాని పక్కన ఒకటి, ఎంతో క్రమశిక్షణతో పెట్టారు. మండపం వాళ్లు ఈసారి బళ్లకు మంచి ఏర్పాటు చేశారని అతిథులు మెచ్చుకున్నారు కూడా. శ్రీదుర్గ మైకు తెప్పించుకుంది.

"అయ్యా, బళ్లు తీయండి. నేను అత్తారింటికి వెళ్లాలి."

భోజనాల హాల్లో ఆ మాట స్పష్టంగా వినబడింది. ప్రతివారూ అది పక్కవారి బండి గురించే అనుకున్నారు. "ఈ జనానికి బుద్ధి ఎప్పుడొస్తుందో, పాపం ఆ పిల్ల!" అని ఒకరితో ఒకరు బాధపడ్డారు. బాధలోనే మరి కాస్త గోంగూర వేయించుకున్నారు.

మీరు కిటికీ పక్క బంతిలో కూర్చున్నారు. ఈ కథంతా విని ఇందాకటి నుంచి నవ్వుతూనే ఉన్నారు. ర్యాంపు మధ్యలో ఉన్న ఆ నల్లది మీ బండే కదండీ? లేవండి. తిరిగొచ్చి పెరుగన్నం తినొచ్చు.