శాంపిల్ మేడమ్ రావాలి, రోజూ రావాలి!

తెల్లారీ తెల్లారకముందే చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి, ఇల్లాలి మూత్రాన్ని సీసాలో పట్టి, సీలు వేసి తీసుకెళ్ళే అధికారి ఒకరు ప్రతి సంసారానికీ ఉండి తీరాలని నా స్థిరాభిప్రాయం.

ముక్కు మూసుకోకండి! అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆవిడ బరువులెత్తుతుంది. అంటే ఇంట్లో కాదు. ఇంట్లో బియ్యం బస్తా, గ్యాస్ బండ, సోఫాలో నిద్రపోయిన పిల్ల, ఇవన్నీ నేనే ఎత్తాలి. ఆవిడ నడుం పట్టేస్తే దేశానికి నష్టం, నా నడుం పట్టేస్తే నాకు మాత్రమే నష్టం. ఆవిడ ఎత్తేది పోటీల్లో. నాబోటి బక్కవాళ్ళిద్దర్ని కట్టగట్టి తలమీదికి లేపినంత బరువు! పేపర్లో ఫొటో వేస్తారు. ఆ ఫొటోలో ఆవిడకి అటూ ఇటూ ఇనుమే ఉంటుంది, నేనుండను.

పోటీకీ పోటీకీ మధ్య ఆవిడ ఇంట్లోనే ఉంటుందని బంధువుల నమ్మకం. "హాయిగా రెండు నెలలు కలిసుంటారు" అంటారు. ఎందుకుండం? ఏడింటికి ప్రాక్టీసుకి వెళ్తుంది. మధ్యాహ్నం వచ్చి తూచిన అన్నం, లెక్కపెట్టిన గుడ్లు తిని తలుపేసుకుని పడుకుంటుంది. ఆ నిద్ర కూడా ట్రైనింగేనట, పలకరించకూడదు. సాయంత్రం మళ్ళీ ప్రాక్టీసు. వచ్చాక ఐసు నీళ్ళ టబ్బులో కూర్చుంటుంది. అప్పుడేమైనా అడిగితే పళ్ళు టకటకలాడిన చప్పుడొస్తుంది గానీ, అది అవునో కాదో తెలీదు. ఎనిమిదిన్నరకి లైటు తీసేస్తుంది.

ఇలాంటి మనిషి మనకి దొరికేదెప్పుడండీ?

అదిగో, ఇక్కడే డోపింగ్ పరీక్షల వాళ్ళు దేవుళ్ళలా వచ్చారు! పెద్ద స్థాయి ఆటగాళ్ళు పాడు మందులేమైనా వాడుతున్నారేమోనని వీళ్ళు ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూస్తారు. అందుకని రోజుకో గంట ఫలానా చోట కచ్చితంగా ఉంటానని ఆటగాళ్ళు ముందే యాప్‌లో రాసివ్వాలి. ఆ గంటలో వాళ్ళొచ్చి బెల్ కొట్టినప్పుడు మనిషి దొరక్కపోతే ఒక తప్పు. పన్నెండు నెలల్లో మూడు తప్పులైతే మందు మింగిన దొంగతో సమానం. ఆట బంద్.

మా ఆవిడ గంట ఉదయం ఆరు నుంచి ఏడు. చోటు, మా ఇల్లు!

పెళ్ళినాడు అంతమంది సాక్షుల ముందు కూడా ఆవిడ నాకింత స్పష్టంగా రాసివ్వలేదు.

ఆ గంటలోనే మా కాపురం మొత్తం నడుస్తుంది. మా అమ్మ ముందురోజంతా పోగేసిన ఫిర్యాదుల మూట (అన్నీ నామీదే) ఆరింటికి విప్పుతుంది. రెండో తరగతి చదివే మా అమ్మాయి తెగిపోయిన స్నేహాలు, టీచరు రాసిన చీటీలు అన్నీ దాచిపెట్టి తెచ్చి తల్లి ఒళ్ళో పోస్తుంది. ఓరోజు ఏడుంబావుకి, తల్లి అటు వెళ్ళగానే, పిల్లకి పన్ను ఊడింది. దాదాపు ఇరవై మూడు గంటలు దాన్ని గుప్పిట్లో పట్టుకుని తిరిగింది. ఏదీ నాకు చూపించమంటే, "నువ్వు రోజూ ఉంటావుగా నాన్నా" అంది.

జడలు కూడా ఆ గంటలోనే. అంతంత ఇనుము పట్టుకుని వణకని చేతులు, ఆ రెండు పిలకలు అల్లేటప్పుడు మాత్రం పాయ జారుతుందేమోనని భయపడతాయి.

ఇంకా లాభాలున్నాయి. దగ్గు మందులో ఏముంటుందోనని ఆ సీసాని మా ఇంటి ఛాయలకి రానివ్వం. మా ఇంట్లో దగ్గు దానంతటదే వచ్చి, పలకరించే దిక్కులేక, దానంతటదే పోతుంది. ఇంత ఆరోగ్యం మీకుందా?

ఇక మేడమ్ నిజంగా వచ్చిందంటే ఆనందమే ఆనందం! సన్నటి మనిషి, మెడలో కార్డు, చేతిలో పెట్టె. మా ఆవిణ్ణి కంటిచూపు దాటనివ్వదు, బాత్రూంలోకీ వెంట వెళుతుంది. మొదటిసారి చూసి మా అమ్మ నోరెళ్ళబెట్టింది.

"ఇదేం ఉద్యోగమే తల్లీ! మీ ఇంట్లో తెలుసా?"

"తెలుసండీ. మా అత్తగారు కూడా ఇలాగే అడిగారు."

అసలు మహిమ ఏమిటంటే, సీసా నిండేదాకా మా ఆవిడ ఎక్కడికీ కదలడానికి వీల్లేదు. ఓసారి రెండున్నర గంటలు పట్టింది. గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతూ హాల్లోనే కూర్చుంది. ప్రాక్టీసు పోయింది. పిల్ల జడలు విప్పి మళ్ళీ అల్లింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది. మా అమ్మకి ఈ ఏడాది ఫిర్యాదులు అయిపోయి పాతవి తవ్వుకోవాల్సి వచ్చింది. నేను పక్కన కూర్చుని కప్పు కాఫీ చివరిదాకా వేడివేడిగా తాగాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి!

అప్పట్నుంచి మా అమ్మాయి ఓ విద్య కనిపెట్టింది. ఆరుకి పది నిమిషాలుందనగా తల్లి దగ్గర చేరి, "అమ్మా, బాత్రూంకి వెళ్ళొచ్చెయ్యి. ఆపుకోకూడదని మా టీచర్ చెప్పింది" అంటుంది. ముందే ఖాళీ చేసేస్తే, మేడమ్ వచ్చినప్పుడు సీసా నిండదు. సీసా నిండకపోతే అమ్మ కదలదు! ఏడేళ్ళ బుర్రండీ!

తల్లి తక్కువ తిందా? మేడమ్ వస్తే నిమిషంలో పని ముగించి ప్రాక్టీసుకి పరిగెత్తొచ్చని ఏడయ్యేదాకా బిగబట్టుకునే కూర్చుంటుంది. "టీచర్ చెప్పినవన్నీ ఇలాగే వింటున్నావా? పుస్తకం తియ్యి" అంటుంది.

ఇంత చక్కటి ఏర్పాటుకి మేమే గండి కొట్టుకున్నాం.

మొదటి తప్పు మా అమ్మది. ఆ రోజు కోడలు ప్రయాణం చేసొచ్చి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. కొత్త మేడమ్ ఎవరో వచ్చారు. చేతిలో పెట్టె చూసి ఏదో అమ్ముకునే మనిషనుకుని, "మా కోడలు ఊళ్ళో లేదు, మాకేం అక్కర్లేదు" అని మా అమ్మ తలుపేసింది. ఆవిడ గంటలో మరో మూడుసార్లు బెల్ కొట్టింది. మూడుసార్లూ మా అమ్మ లోపల్నుంచే, "లేదని చెప్పానా!"

రెండో తప్పు నాది. యాప్ నింపే పని నాదే. మా ఆవిడ పోటీ నుంచి ఒకరోజు ముందే వచ్చేసింది, నేను మార్చడం మర్చిపోయాను. ఆవిడ ఇక్కడ నా ఎదురుగా జడ వేస్తుంటే, వాళ్ళు అక్కడెక్కడో హోటల్లో ఖాళీ గది తలుపు బాదారు. గంట మొదలవడానికి ఒక్క నిమిషం ముందు మార్చినా చెల్లేది!

రెండయ్యాయి. మూడోది పడితే రెండు నెలల్లో ఉన్న పెద్ద పోటీ పోతుంది, ఆవిడ పన్నెండేళ్ళ కష్టం మట్టికొట్టుకుపోతుంది.

పోయిన ఆదివారం మా ఆవిడ అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"ఇంక ఈ ఇంటిని నమ్మలేను. ఏమండీ, ఆ గంట ట్రైనింగ్ సెంటర్‌కి మార్చెయ్యండి. నేను ఆరింటికల్లా అక్కడుంటా. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. వచ్చినవాళ్ళని తరిమెయ్యడు."

"నేనేం చేశానే? నిన్ను కాసేపు పడుకోనిచ్చాను, అంతేగా" అంది మా అమ్మ.

పిల్ల కదులుతున్న ఇంకో పన్నుని నాలుకతో తోస్తూ కూర్చుంది. చివరికి, "అయితే ఇది ఊడితే ట్రైనింగ్ సెంటర్‌కి రావాలా?" అంది.



పాఠక మహాశయులారా, మీరే తీర్పు చెప్పండి! ఆవిడ మందు మింగిందేమోనని అనుమానించేవాళ్ళకి రోజుకో గంట రాతపూర్వకంగా ఉంది. రవ్వంత అనుమానం లేని మాకు నిమిషం కూడా లేదు. నమ్మడమే మేం చేసిన నేరమా? అలాగైతే చెప్పండి, రేపట్నుంచి మేమూ అనుమానిస్తాం! నేనూ మెడలో కార్డు వేసుకుంటాను!

ఆ సాయంత్రం యాప్ తెరిచాను. చూశాను. మూసేశాను.

"మూడు నెలలదాకా మార్చనివ్వదట. కొత్త రూలట" అన్నాను, గోడకేసి చూస్తూ.

"అలాగా" అంది మా ఆవిడ.

ఆ యాప్ ఆవిడ ఫోన్‌లోనూ ఉందన్న సంగతి నాకు మంగళవారం గుర్తొచ్చింది. వేలితో రెండుసార్లు నొక్కితే తనే మార్చుకోగలదు. మార్చేసిందేమోనని రోజూ దొంగలా తెరిచి చూస్తున్నాను. అదే గంట. అదే ఇల్లు.

ఈ ఉదయం ఆరుకి పది నిమిషాలుంది. పిల్ల ఇంకా లేవలేదు కాబట్టి గుర్తుచేసేవాళ్ళు కూడా లేరు. బాత్రూంలో నీళ్ళు వదిలిన చప్పుడైంది. మా ఆవిడ తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, దువ్వెన తీసుకుని, తలుపుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

శాంపిల్ మేడమ్ గారూ, ఎక్కడున్నారు? సీసా నిండడానికి మూడు గంటలు పట్టేలా ఉంది. దయచేసి వెంటనే రండి!