తొంభైతొమ్మిది పాయింట్ ఏడు

టమాటా ఆకును చూసి తెగులు ఉందో లేదో నూటికి తొంభైతొమ్మిది పాయింట్ ఏడు వంతులు కచ్చితంగా చెప్పగల యంత్రాన్ని మా పరిశోధన సంస్థ తయారుచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంస్థ వార్షిక నివేదిక రాసేది నేనే. కాబట్టి మా విజయాలు నాకు తెలిసినంతగా వాటిని సాధించినవారికి కూడా తెలియవు.

మాది నాలుగు శాఖల సంస్థ. కంప్యూటర్లు, వ్యవసాయం, పర్యావరణం, పదార్థ విజ్ఞానం. ఏ పరిశోధన పత్రం మీదైనా నాలుగు శాఖలవారి పేర్లూ ఉండి తీరాలని డైరెక్టరు గారి ఉత్తర్వు. అందువల్ల సిమెంటు మీద పని చేసేవారు టమాటా గురించీ, టమాటా మీద పని చేసేవారు కంప్యూటరు గురించీ విరివిగా రాస్తుంటారు. పూర్వం వ్యవసాయ శాఖకు భవనం వెనక మూడెకరాల ప్రయోగ క్షేత్రం ఉండేది. పర్యావరణ శాఖకు కొత్త భవనం కావలసివచ్చి దాన్ని చదును చేశారు. ఇప్పుడు వ్యవసాయ శాఖ మూడో అంతస్తులో ఉంది. గాలీ వెలుతురూ బాగానే వస్తాయి.

యంత్రాన్ని తయారుచేసినది కంప్యూటరు శాఖాధిపతి. ఆయన్ని విద్యార్థులు చాటుగా పాయింటేడు మాస్టారు అంటారు. యంత్రానికి చదువు చెప్పడానికి పదివేల ఆకుల ఫొటోలు కావలసివచ్చాయి. మంచి ఆకుల్ని డైరెక్టరు గారి గదిలో, ఆయన బల్ల మీది నీలం గుడ్డపై పరిచి, ఆయన చేతుల మీదుగా ఫొటోలు తీశారు. తెగులు పట్టిన ఆకుల్ని ఆ గదిలోకి తేవడం మర్యాద కాదు కనుక వరండాలో సిమెంటు గచ్చు మీద పరిచి తీశారు. యంత్రం శ్రద్ధగా చదువుకుంది. మూడు బహుమతులు తెచ్చుకుంది.

అంతా సజావుగా సాగుతుండగా ఒక రోజు నిజమైన రైతు వచ్చింది. ఇలాంటి ఇబ్బంది మాకు అంతకు ముందు ఎన్నడూ ఎదురవలేదు. రెండు బస్సులు మారి, తడిగుడ్డలో చుట్టిన టమాటా మొక్కను ఒళ్లో పెట్టుకుని వచ్చిందావిడ.

"అయ్యా, రెండెకరాలు వేశాను. మొన్న ఒక వరస వాడిపోయింది, ఇవాళ మూడు. ఇది ఎండు తెగులో, నీళ్లెక్కువై వాడిందో చెప్పండి చాలు. తెగులైతే ఆ వరసలు పీకేసి మిగతా చేను కాపాడుకుంటాను. కాకపోతే కాయ మీదున్న మొక్కల్ని చేతులారా ఎలా పీకను?"

డైరెక్టరు గారు ఉప్పొంగిపోయారు. రైతును స్వయంగా గదిలోకి పిలిపించారు, ఫొటోగ్రాఫరును కూడా పిలిపించారు. పాయింటేడు మాస్టారు ఆకు తుంచి నీలం గుడ్డ మీద పెట్టారు. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి 'సంపూర్ణ ఆరోగ్యం' అంది. మేమందరం చప్పట్లు కొట్టాం.

"మరి వాడిపోయిందేంటండీ?" అందావిడ.

"అమ్మా!" అని లేచి నిలబడ్డారు డైరెక్టరు గారు. "వాడినట్టు కనిపిస్తున్నది మీ కంటికి. కన్ను చాలా పాత పరికరం. దాన్ని నమ్ముకునే మన పూర్వులు సూర్యుడు తిరుగుతున్నాడనుకున్నారు. శాస్త్రం వచ్చాక మనం చూడటం మానేసి తెలుసుకోవడం మొదలుపెట్టాం. ధైర్యంగా వెళ్లి రండి. ఒక్క మొక్క కూడా పీకకండి!"

ఆ సమయంలో వ్యవసాయ శాఖ ప్రొఫెసరు గారు గోడ పక్కన ఉన్నారు. రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆయన మొక్క కాండాన్ని గోటితో చీల్చి చూడటం, లోపల గోధుమరంగు చార కనబడగానే ముఖం మాడిపోవడం నేను గమనించాను. నోరు తెరవబోయారు. డైరెక్టరు గారు ఆయనవైపు చూశారు. ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆవిడకు నమ్మకం కుదరలేదు. వరండాలోకి వచ్చాక, ఇంకొక్కసారి చూడమని పాయింటేడు మాస్టారిని బతిమాలి, ఆకును గచ్చు మీద పెట్టింది. యంత్రం 'తీవ్రమైన తెగులు' అంది. లోపలికి తీసుకెళ్తే ఆరోగ్యం. బయటికి తెస్తే తెగులు. నాలుగుసార్లు తిప్పాక ఆవిడే అడిగింది.

"ఆకు అదే కదండీ! కింద పరిచింది మారితే జబ్బు మారిపోతుందా?"

ఇంకొకరైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సతమతమయ్యేవారు. మాస్టారు మాత్రం ఎగిరి గంతేశారు. నీలం రంగు తగిలితే తెగులు తగ్గుతోందన్నమాట! ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. పొలాల్లో పరచడానికి పదార్థ విజ్ఞాన శాఖ నీలం ప్లాస్టిక్ పట్టా తయారుచేసింది. ఆకాశం కూడా నీలమే కనుక పట్టా ప్రకృతికి హాని చేయదని పర్యావరణ శాఖ ధ్రువీకరించింది. 'నీలవర్ణ పరిసరాల్లో టమాటా తెగులుకు తక్షణ ఉపశమనం' అన్న పత్రం మీద వ్యవసాయ శాఖ సంతకం పెట్టింది. రైతు చేను చూసి వద్దామని ఒకరు అన్నారు గానీ, ప్రయాణానికి అనుమతి వచ్చేలోపు పత్రం అచ్చయిపోతుందని తేలి ఆ ప్రతిపాదన విరమించుకున్నారు.

వారం తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. మా మాట విని ఒక్క మొక్క కూడా పీకలేదట. సగం చేను పడిపోయిందట. "పీకనా, వద్దా? ఒక్క మాట చెప్పండి" అని గది గదికీ తిరిగింది. ప్రతి గదిలోనూ ఆదరంగా కూర్చోబెట్టారు. పట్టా నమూనా ఒకటి, అభిప్రాయ పత్రం ఒకటి ఇచ్చి పంపారు.

ఆవిడ మెట్లు దిగుతుంటే ప్రొఫెసరు గారు పరుగున వచ్చారు. చేతిలో కాగితాలతో నేను అక్కడే ఉన్నాను.

"పీకెయ్యమ్మా. మొత్తం పీకేసి తగలబెట్టు. నేను చెప్పానని మాత్రం అనకు."

"మొదటి రోజే తెలుసా బాబూ మీకు?"

"తెలుసమ్మా."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

ఆయన నావైపు చూశారు. నేను కాగితాలవైపు చూశాను. ఆవిడ మమ్మల్నిద్దర్నీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గును నివేదికలో ఏ శీర్షిక కింద చేర్చాలో తెలియక వదిలేశాను.

ఆవిడ రెండెకరాలూ పీకేసింది. అప్పటికే కాలువ నీటితో పాటు తెగులు కింది పొలాలకు పాకింది. వాళ్లూ పీకేశారు. మరుసటి పంటకు ఆ చుట్టుపక్కల ఒక్కరూ టమాటా వేయలేదు. అప్పుడు మా బృందం కార్లు వేసుకుని, ఎట్టకేలకు పొలాలకు వెళ్లి, ప్రాంతమంతా గాలించింది. తెగులు పట్టిన టమాటా మొక్క ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. నిర్మూలన సంపూర్ణమైందని నేనే రాశాను. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

పేపర్లో ఆ వార్త మొదటి పేజీలో వచ్చింది. మీరూ చదివారు, మెచ్చుకున్నారు. అదే ఉదయం సంచి పట్టుకుని బజారుకు వెళ్లి, కిలో టమాటా ధర విని, "ఈ రైతులకి మరీ ఆశ ఎక్కువైపోయింది" అన్నారు. వరసలో మీ వెనక నిలబడినది నేనే. అవునన్నట్టు నేనూ తల ఊపాను.