ఏసోబు మాస్టారు ఇంజను దించని వైనం

మిరపకల్లాలు ఖాళీ అయి, పత్తిచేలు తొలకరికి నోళ్లు తెరుచుకొని, రోహిణీకార్తె ప్రచండమార్తాండుడు గుంటూరు సీమనంతటినీ పెనం మీద వేయిస్తున్న ఒకానొక శుక్రవారం, ఉదయం పది గంటల వేళ, విశ్రాంత చిత్రలేఖనోపాధ్యాయ కులతిలకుడు, నలభై ఏళ్ల తెల్లకారుకు ఏకైక ప్రభువు అయిన ఏసోబు మాస్టారు తన వాకిట్లో వేపచెట్టు కింద ధర్మసందేహమహార్ణవంలో పీకల్లోతు మునిగి ఉన్నారు. సందేహం ఒక్కటే. ఇంజను దించాలా, వద్దా?

అది సామాన్యశకటమా! ఆ పేటలో ముప్పై ఏళ్లుగా ఏ పెళ్లికూతురైనా ఆ కారులోనే వెళ్లి చర్చి మెట్ల ముందు దిగింది. ఆ పేట పిల్ల జాస్మిన్ తల్లి దిగింది. వచ్చే బుధవారం జాస్మిన్ దిగాలి. అటువంటి రథరాజం రెండు నెలలుగా నల్లధూమం వెళ్లగక్కుతూ, కాలువ మీది చిన్న వంతెన ఎక్కడానికే ఆయాసపడుతోంది. దించితే బుధవారానికి బిగించడం కల్ల. దించకపోతే పెళ్లికూతురితో సహా నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు. మాస్టారికి రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

అంతలో, బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పగల యంత్రవైద్యశిఖామణి నన్నే సాహెబ్ మోపెడ్ మీద వేంచేశాడు. ఇంజను దించే గొలుసుకప్పీని వేపకొమ్మకు కట్టి, కారు స్టార్ట్ చేయించి, ఆ పొగను రెండుసార్లు ఆఘ్రాణించి తీర్పు చెప్పాడు.

“రింగులు పోయినయ్ మాస్టారూ. దించాల్సిందే. బోరు కొట్టించి కొత్త పిస్టన్లు ఎయ్యాలి.”

“బుధవారానికి అవుద్దా?”

“ఆ పై బుధవారం అయితే చెప్పగలను.”

వసారాలో చింతపండు గింజలు తీస్తున్న మాస్టారి అర్ధాంగి ప్రేమమ్మ తల ఎత్తలేదు. “వేరే కారు మాట్లాడుకోమని ఆ పిల్ల వాళ్లకి ఇయ్యాలే చెప్పండి. మీ పంతానికి దాన్ని రోడ్డు మీద నిలబెట్టకండి. ఇంకోటి, నా పాత దిండులో సగం పత్తి ఏమైందో కాస్త చెప్తారా?”

దిండ్ల ప్రసక్తికి అది సమయమా! మాస్టారు లేచి, కండువా సవరించి, మేఘగంభీరస్వనంతో ఇలా పలికారు.

“సాహెబూ! ముప్పది ఇద్దరు వధువులను మోసిన ఈ మహారథకుక్షిని ఛేదింప నా హృదయము కంపించుచున్నది. అయినను ఒక ఆడబిడ్డ నడివీధిలో కన్నీరు పెట్టుటకన్న నా కీర్తి నశించుటయే మేలు. దింపుడు!”

చివరి మాట అంటూనే ఆయన కండువా కొసతో కారు అద్దం తుడిచారు.

సాహెబ్ స్పానర్ల సంచి కోసం మోపెడ్ దగ్గరికి నడిచాడు. మాస్టారు కడసారి చూపుకని బానెట్ ఎత్తి, ఇంజను మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. గాలి పీల్చుకునే గొట్టం మూతి దగ్గర వేలికి మెత్తగా ఏదో తగిలింది. మార్చిలో పక్క కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే, ఆ ఘాటు ఇంజనులోకి పోకూడదని తామే ఇంత దిండుపత్తి అక్కడ కుక్కిన ఘనకార్యం ఆ క్షణాన గుర్తొచ్చింది. కుక్కారు గాని తీయలేదు. శత్రుకంఠచ్ఛేదన చేసే యోధుడివలె ఒక్క లాగు లాగి, ఆ పత్తిని ప్యాంటు జేబులోకి దూర్చి, నాలుగు దిక్కులూ చూశారు. ఎవరూ చూడలేదు.

“ఆగండి సాహెబ్ గారూ. ఎందుకో నా మనసు ఒప్పుకోవట్లా. ఇంకొక్కసారి స్టార్ట్ చెయ్యండి.”

సాహెబ్ జాలిపడి తాళం తిప్పాడు. ఇంజను కుట్టుమిషనులా నడిచింది. పొగ లేదు, దగ్గు లేదు.

“నా సర్వీసులో ఇట్టాంటిది చూళ్లేదు మాస్టారూ. ప్రార్థన చేశారా?”

మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. అందుకని ఆకాశం వంక చూశారు.

బుధవారం జాస్మిన్ ఆ కారులోనే వెళ్లి చర్చి మెట్ల ముందు నవ్వుతూ దిగింది. మాస్టారి విశ్వాసం ఎంత గొప్పదో అప్పటికే సాహెబ్ మూడు ఊళ్లకు చాటి ఉన్నాడు. గురువారం ప్రేమమ్మ ప్యాంటు ఉతకబోతే జేబులో మిరపగింజలు అంటిన పత్తి దొరికింది. కుక్కినవారు మళ్లీ తీయడం మరిచారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. దులపకుండా, ఉతకకుండా ఆ పత్తిని మాస్టారి దిండులో పెట్టి కుట్టేసింది.

వర్ధిల్లుగాక పిడికెడు పత్తిని జయించిన ఆ వీరుని యశస్సు! ఆ మధ్యాహ్నం కునుకుకని తల వాల్చిన విజేత పదకొండుసార్లు తుమ్మి లేచి కూర్చున్నారు. గుమ్మంలో ప్రేమమ్మ నిలబడి ఉంది.

“ప్రార్థన చేసుకోండి,” అంది. “తగ్గుద్ది.”