నెట్‌వర్క్ పరిధిలో లేని భుజం

ఆ శనివారం పొద్దున విభక్తి మాస్టారు అనుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగడం, పుస్తకం తెరవడం, డాక్టర్ని ఎంచుకోవడం, చూపించుకుని భోజనం వేళకు ఇల్లు చేరి ఒక కునుకు తీయడం. పుస్తకం అంటే, బడి యాజమాన్యం ఉపాధ్యాయులకు ఇప్పించిన ఆరోగ్య పథకం తాలూకు డాక్టర్ల డైరెక్టరీ. ముప్పై ఏళ్లుగా పిల్లలకు భాష నేర్పుతూ, ఎంత చిక్కుముడి పద్యానికైనా చిటికెలో అన్వయం చెప్పేసే మనిషికి డాక్టర్ల పట్టిక ఒక లెక్కా!

ఆయన బాధంతా కుడి భుజం. ఏడాదిగా చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. నల్లబల్ల మీద కింది సగంలోనే రాస్తున్నారు. దాంతో వెనక బెంచీల పిల్లలకు సంధులూ సమాసాలూ కనపడటం మానేసి, ముందు బెంచీల వాళ్ల తలకాయలు కనపడుతున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషే గానీ మొహమాటం లేని మనిషి.

"నెలాఖరులోగా మీ చెయ్యి పైకి లేవకపోతే, మాస్టారూ, మీ క్లాసు ఇంకొకరికిచ్చి మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెడతాను" అనేసింది.

లైబ్రరీలో ఉండేవి పుస్తకాలు. అవి ఆవలించవు, అడ్డదిడ్డంగా జవాబులు చెప్పవు, పొల్లు పెట్టాల్సిన చోట సున్నా పెట్టవు. రోజుకు నాలుగు తప్పులైనా దిద్దకపోతే మాస్టారికి అన్నం సయించదు. ఆ మాట విన్న రోజు ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. కళ్లు ఎడమ చేత్తో తుడుచుకున్నారు.

"ఏమండీ, ముందుమాట చదివారా?" అంది భార్య. ఆవిడ సరుకు రవాణా ఆఫీసులో పనిచేస్తుంది. లోకంలో ఫోన్లో తేలని పని లేదని ఆవిడ నమ్మకం.

"ముందుమాటలు రాసినవాళ్లే చదువుకుంటారు. మనం సరాసరి కథలోకి పోదాం."

ఆవిడ వినలేదు, పైకి చదివింది. "నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరయితే ఖర్చు పథకానిదిట. నెట్‌వర్క్‌లో లేకపోతే మొత్తం మన నెత్తినే. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోమన్నారు."

"అయితే ఫోను నీది, భాష నాది" అని మాస్టారు పనులు పంచేశారు. ఆ పంపకంలోనే అసలు ముప్పు ఉంది.

ఎముకల డాక్టర్ల పేజీలో మొదటి పేరు వాళ్ల వీధిలోని డాక్టరుదే. ఎదురు మేడ సెల్లార్లో కొత్తగా పెట్టిన క్లినిక్. ఆవిడ సంబరంగా నంబరు నొక్కి, మాస్టారు కూడా వినాలని స్పీకరు పెట్టింది.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం నెట్‌వర్క్ పరిధిలో లేరు" అంది ఫోను, ఎంతో మర్యాదగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"విన్నారా? నెట్‌వర్క్‌లో లేడుట!"

"ఎంత నిజాయితీపరుడే! అడక్కుండానే చెప్పేశాడు" అని మాస్టారు ఆ పేరు కొట్టేశారు. పుస్తకంలో ఉన్నవాడు నెట్‌వర్క్‌లో లేకపోవడమేమిటన్న అనుమానం ఆవిడకు రాకపోలేదు. ఇప్పుడేమైనా చేరాడేమోనని మధ్యమధ్య మళ్లీ చేసి చూసింది. ప్రతిసారీ అదే మర్యాద, అదే జవాబు.

తర్వాతి పేర్ల దగ్గర మాస్టారి పాండిత్యం పనిచేయడం మొదలుపెట్టింది. పేరు కింద చిరునామా, ఫోను, మాట్లాడే భాషలు, ఆ కిందనే ఒక వాక్యం: 'కొత్త రోగులను స్వీకరిస్తారు.'

"విశేషణం గమనించు. 'కొత్త' అన్నాడు. నా నొప్పికి ఏడాది నిండింది. నేను కొత్త రోగినా?"

"మీరా? ముదిరిపోయారు."

"మరి వీళ్లు నన్నెందుకు స్వీకరిస్తారు?" అని వరసగా పేజీ అంతా కొట్టుకుంటూ పోయారు. అట్టడుగున ఒకే ఒక్క పెద్ద డాక్టరు పేరు కింద 'కొత్త రోగులను స్వీకరించరు' అని ఉంది. మాస్టారి కళ్లు మెరిశాయి. "ఇదిగో, వ్యతిరేకార్థకం! కొత్తవాళ్లను తీసుకోడంటే ఏమిటి? పాతవాళ్లనే తీసుకుంటాడు. మొండి రోగాలకు పెట్టింది పేరన్నమాట! పైగా 'బోర్డు గుర్తింపు ఉంది' అన్నాడు. నాదీ బోర్డు సమస్యే."

ఈసారి ఫోను కలిసింది. రిసెప్షన్ అమ్మాయి అలసిన గొంతుతో అడిగింది. "కొత్త పేషెంటా, పాత పేషెంటా అండీ?"

"పాతేనమ్మా. ఏడాదైంది."

"ఏడాదిగా వస్తున్నారా?"

"వస్తూనే ఉంది. పోవడమే లేదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు, ఎవరినో కేకేసిన చప్పుడు, బీరువా తలుపు కొట్టుకున్న చప్పుడు వినిపించాయి. కాసేపటికి అమ్మాయి గొంతు బాగా తగ్గిపోయింది. "సార్, మీ ఫైలు... ఇక్కడే ఎక్కడో ఉండాలి. మీరు వచ్చేయండి. లైన్లో నిలబడకుండా లోపలికి పంపిస్తాం. డాక్టరుగారితో మాత్రం ఫైలు పోయిందని అనకండి, ప్లీజ్."

"చూశావా, పాతవాళ్లంటే ఎంత గౌరవమో!" అన్నారు మాస్టారు.

రెండు బస్సులు మారి ఆ క్లినిక్‌కు చేరేసరికి అక్కడ ఫైళ్ల బీరువాలన్నీ నేల మీదకు దిగి ఉన్నాయి. నర్సు బల్ల కింద దూరి వెతుకుతోంది. మాస్టారిని చూడగానే రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడి, ఆయన్ని గభాలున డాక్టరు గది వైపు నడిపించబోయింది. అప్పటిదాకా ఓపిగ్గా కూర్చున్న జనం భగ్గుమన్నారు.

"ఏమ్మా, మేం మనుషులం కామా? ఈయనెవరు మధ్యలో?" అంది చేతికర్ర పట్టుకున్న ఒక మామ్మ.

"నేను పాత రోగినండీ" అన్నారు మాస్టారు, వినయంగానే.

"ఎన్నాళ్ల పాత?"

"ఏడాది."

మామ్మ ఫకాలున నవ్వింది. "ఏడాదా! నా మోకాలు నీ ఉద్యోగం కంటే పెద్దది నాయనా."

"నా నడుము ఇంకా పాతది" అన్నాడు గోడ పక్కన కూర్చున్న రిటైర్డ్ బస్సు డ్రైవరు. "నా మెడ సంగతేంటి?" అని ఇంకొకరు లేచారు. ఎవరి రోగం ముందు పుట్టిందన్న విషయం మీద గది రెండు పక్షాలైంది. ఈ గొడవలో మాస్టారి భార్య ఆయన్ని లోపలికి ఒక్క తోపు తోసింది.

పెద్ద డాక్టరు నిజంగా పెద్దవాడు. ఈ ఏడాదితో క్లినిక్ మూసేద్దామని కొత్తవాళ్లను చేర్చుకోవడం మానేశాడు. జ్ఞాపకశక్తి తగ్గిందని మాత్రం ఎవరికీ తెలియనివ్వడు. మాస్టారిని తేరిపార చూసి, "ఆఁ! మీరా! పోయినసారి కంటే చాలా మెరుగు" అన్నాడు.

"పోయినసారా?"

"మొహంలో కళే వేరు. మందులు అవే వాడండి."

"ఏ మందులండీ?"

"అవే."

"మరి చెయ్యి లేవడం లేదు కదండీ?"

"అప్పుడు అసలే లేచేది కాదుగా!" అని డాక్టరు గంట కొట్టాడు. సంప్రదింపు ముగిసింది.

బయట రిసెప్షన్ అమ్మాయి ఏడుపు మొహంతో నిలబడి ఉంది. "సార్, ఎంత వెతికినా దొరకలేదు. మీరు ఆఖరిసారి ఎప్పుడొచ్చారో చెబితే..."

"ఆఖరిసారేమిటమ్మా? నేను రావడం ఇవాళే మొదలు."

బల్ల కింద నుంచి నర్సు తల బయటకొచ్చింది. మాస్టారు, తాను బళ్లో భాష చెప్పేవాణ్నని చెప్పుకుని, డైరెక్టరీ తెరిచి విశేషణం, క్రియ, వ్యతిరేకార్థం అన్నీ విడమరిచి చెప్పారు. అంతా విన్న మామ్మ చేతికర్రను నేలకేసి కొట్టింది.

"కొత్త అంటే రోగం కాదయ్యా మహానుభావా! నువ్వు! ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కనివాడు కొత్త రోగి. ఏం చదువు చెబుతావు పిల్లలకి?"

ముప్పై ఏళ్లలో మాస్టారి అన్వయాన్ని తప్పన్నవాళ్లు లేరు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, "లైబ్రరీలో గాలి బాగానే వస్తుందంటావా?" అని మాత్రం అడిగారు. అప్పటిదాకా నవ్వాపుకుంటున్న భార్యకు ఆ మాటతో గుండె కలుక్కుమంది.

వీధి మొదట్లో దిగి నడుస్తుంటే, ఎదురు మేడ సెల్లార్ మెట్ల మీద ఒక యువకుడు మెడలో స్టెతస్కోపుతో, ఫోను పట్టుకున్న చెయ్యి ఆకాశానికెత్తి నిలబడి ఉన్నాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు, ఫోను ఊపుతున్నాడు. ఆఖరి మెట్టు మీద ఫోను టింగుటింగుమంటూ మోగింది. అతను చూసుకుని ఆత్రంగా తిరిగి డయల్ చేశాడు.

మాస్టారి భార్య చేతి సంచిలో ఫోను మోగింది.

"హలో, నేను డాక్టర్ని. ఈ నంబరు నుంచి పొద్దున్నుంచీ అన్నిసార్లు..." అని, ఎదురుగా ఆవిడ చెవి దగ్గర ఫోను చూసి ఆగిపోయాడు.

"మీరు నెట్‌వర్క్‌లో లేరని చెప్పారు కదండీ?" అంది ఆవిడ, ఎదురుగానే ఉన్నా ఫోన్లోనే.

"ఎవరు చెప్పారు? నేను ఆ పథకం నెట్‌వర్క్‌లోనే ఉన్నానమ్మా. సెల్లార్లో సిగ్నలే లేదు! పేరు అచ్చయినప్పటి నుంచీ ఒక్క పేషెంటూ రాడు, ఎందుకో తెలియక చస్తున్నాను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మాస్టారు మెట్లు దిగుతూ, "నేను కొత్త రోగిని" అని మాత్రం స్పష్టంగా చెప్పారు.

భుజం బిగుసుకుపోయిందనీ, నొప్పికి భయపడి కదపకపోవడంతో మరీ బిగిసిందనీ ఆ డాక్టరు తేల్చాడు. ఒక సూది వేసి, రోజూ గోడ మీద వేళ్లను పైకి పాకించమన్నాడు. వంటింటి గోడ మీద మాస్టారి వేలిముద్రలు రోజుకింత పైకి పాకాయి. అయినా జనంలో చెయ్యెత్తాలంటే మాత్రం ఆయనకు ధైర్యం చాలలేదు.

నెలాఖరున స్టాఫ్ రూములో సమావేశం. హెడ్‌మిస్ట్రెస్ చేతిలో డైరెక్టరీ ఉంది. "డ్రాయింగ్ టీచరు పంటి నొప్పికి పిల్లల డాక్టరు దగ్గరకెళ్లారు. డ్రిల్లు మాస్టారు ఆర్నెల్ల కిందట క్లినిక్ ఎత్తేసిన డాక్టరు కోసం తాళం ముందు కూర్చుని వచ్చారు. ఈ పుస్తకం మనకి ఎవరో ఒకరు అర్థమయ్యేలా చెప్పాలి. విభక్తి మాస్టారూ, భాష మీది కదా, ఆ క్లాసేదో మీరే తీసుకోండి."

మామ్మ చేతికర్ర మాస్టారి కళ్ల ముందు మెదిలింది. ఆలోచన కంటే ముందే రెండు చేతులూ తల దాటి పైకి లేచిపోయాయి.

"నా వల్ల కాదు మేడమ్!"

గదంతా ఆయన కుడి చెయ్యినే చూస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ మొహం విప్పారింది. "లేచిందే! ఇంకేం, క్లాసు మీదే."

మాస్టారు చేతులు దించకుండానే అడిగారు. "ఏ క్లాసండీ?"

"రెండూ."

చేతులెత్తేసి ఉద్యోగం నిలబెట్టుకున్నవాడు ఆ బడిలో ఆయనొక్కడే.