వెనక చక్రంలో మాడు వాసన

ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఊరికి ఆ చివర ఉన్న ఆడపడుచు ఇంటికి భోజనానికి వెళ్ళాలని అనుకున్నారు. కారు కోడలు నడుపుతుంది. ఈ ఆఖరి మాట భర్త నోట రావడానికి ఆమెకు ఏడాది పట్టింది.

కారు కొన్నది బస్సుల బాధ తప్పించుకోవడానికే. కానీ కొన్న కొత్తలోనే అతనికి దానిమీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అరిగిపోతుందని మళ్ళీ బస్సెక్కడం మొదలుపెట్టాడు. కారేమో వాకిట్లో కవరు కప్పుకుని, పనీపాటా లేని పెద్దమనిషిలా పడుకునేది. హ్యాండ్ బ్రేకు మాత్రం అతను రెండు చేతులతో లాగేవాడు. ఎంత గట్టిగా లాగితే అంత భద్రమని అతని సిద్ధాంతం. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే కోడలు, లైసెన్సు సంచిలో పెట్టుకుని రోజూ రెండు బస్సులు మారేది. రెండింట్లోనూ నిలబడే.

"ఇవాళ వెళ్ళొచ్చేలోగా బండికి ఏ నలతా రాకపోతే రేపట్నుంచి తాళం నీదే" అన్నాడతను బెల్టు పెట్టుకుంటూ. "వచ్చిందా, ఇంక ఆ ఊసెత్తకూడదు."

"అలాగేనండీ."

వెనక సీట్లో ఉన్న అత్తగారే సాక్షి.

హ్యాండ్ బ్రేకు అతనే స్వయంగా దించాడు. స్టీరింగు ముందున్న బ్రేకు ఎర్ర దీపం ఆరింది. అయినా బండి కదలడానికి మొరాయించింది.

"ఏదో బరువుగా ఉందండీ."

"బరువేం కాదు, నీ చేతికి అలవాటు లేక."

యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే కారు ఆగిపోతోంది. అత్తగారికి ఇది తెగ నచ్చింది. "నువ్వు ఆపితే నా తల ముందు సీటుకి కొట్టుకుంటుందిరా. అమ్మాయి చూడు, ఎంత మెత్తగా ఆపుతోందో."

బజారు దాటాక ఆవిడే ముక్కుపుటాలు ఎగరేసింది. ఆవిడ ముక్కంటే ఇంటిల్లిపాదికీ గురి. పక్క వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా మంచం దిగకుండానే చెప్పేస్తుంది.

"ఏదో మాడుతోంది. స్టవ్ కట్టేశావా అమ్మాయ్?"

"కట్టేశానత్తయ్యా."

"గుర్తుండి అంటున్నావా, అలవాటుకొద్దీ అంటున్నావా?"

ఆ ప్రశ్నతో కోడలికి తను పొద్దున నిద్ర లేచిందా అన్నది కూడా అనుమానమైపోయింది. ఎక్కడో ఇంట్లో ఉన్న స్టవ్ వాసన కార్లోకి ఎలా వస్తుందని ఎవరూ అడగకముందే, చీరకి పట్టుకుని మనతోపాటే వచ్చిందని అత్తగారు తేల్చేసింది.

"స్టవ్వూ కాదు, గివ్వూ కాదు" అన్నాడు భర్త. "క్లచ్చి మీద కాలేసి నడుపుతోంది. దిగు, నేను నడుపుతా."

ఆమె దిగింది. తాళం చేతులు మారింది. అత్తగారి పట్టు మీద కారు ఇంటివైపు తిరిగింది. అతను నడుపుతుంటే వాసన తగ్గకపోగా ముదిరింది. "ఇందాక నువ్వు తొక్కిన తొక్కుడికి ఇంకా చల్లారలేదు" అన్నాడతను.

ఈలోగా అత్తగారు పక్కింటాయనకి ఫోను చేసింది. "మా వంటింట్లో ఏమన్నా కాలుతోందేమో చూడు తమ్ముడూ. తాళం మీ దగ్గర ఒకటి ఉందిగా."

పక్కింటాయన రిటైరైనప్పటినుంచీ ఇలాంటి కబురు కోసమే కాచుకుని ఉన్నాడు. లోపలికి వెళ్ళాడు. స్టవ్ శుభ్రంగా కట్టేసి ఉంది. కాస్త నిరాశ పడ్డా తేరుకుని, ఎందుకైనా మంచిదని సిలిండరు కట్టేసి, మెయిన్ స్విచ్చి దించి, రెండు బకెట్ల నీళ్ళతో గేటు ముందు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కారు వీధి మలుపు తిరిగింది. వెనకనుంచి సన్నగా పొగ వస్తోంది.

"అక్కయ్యగారూ, కాలుతున్నది ఇల్లు కాదు, మీరే" అంటూ ఆయన మొదటి బకెట్టు ఎత్తాడు. వాసన పోవాలని అద్దాలు దించి ఉన్నాయి. సగం నీళ్ళు కారుకి, సగం కారు యజమానికి దక్కాయి. రెండో బకెట్టు అవతలి పక్కన కొట్టాడు. ముందు చక్రం ఊరుకుంది. వెనక చక్రం చుయ్యిమంది.

పెనం కాలిందో లేదో నీళ్ళు చిలకరించి చూసుకునే చెవి కోడలిది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. దిగి, బకెట్టు అడుగున మిగిలిన నీళ్ళు నాలుగు చక్రాల మీదా చిలకరించింది. మూడు నోరెత్తలేదు. నాలుగోది మళ్ళీ చుయ్యిమంది.

"ఏవండీ, ఈ ఒక్క చక్రమే కాలుతోంది. క్లచ్చికీ దీనికీ ఏం సంబంధం?"

అతను చొక్కా పిండుకుంటున్నాడు. "అయితే బ్రేకు మీద కాలేసి ఉంటావు."

"బ్రేకు తొక్కితే నాలుగూ పట్టుకోవాలి కదండీ. దీనికొక్కదానికే నామీద కోపమా?"

అతను చొక్కా రెండో చెయ్యి పిండుకున్నాడు.

వీధి చివర మెకానిక్ వచ్చి జాకీ పెట్టి చక్రం తిప్పబోయాడు. అది తిరగలేదు. విప్పి చూస్తే లోపలంతా మాడి మసైపోయి ఉంది.

"హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టింది సార్. మీరు పైన దించారు గానీ లోపల అది దిగలా. ఎన్నాళ్ళు కదపకుండా ఉంచారు?"

"అప్పుడప్పుడూ..." అన్నాడతను.

"కవరు మాత్రం రోజూ దులుపుతాడు బాబూ" అంది అత్తగారు.

"ఆ కవరు కింద చెమ్మ చేరింది. దానికితోడు ఎవరో పగబట్టినట్టు లాగారు."

"చూసుకుని లాగొద్దూ అమ్మాయ్" అని అలవాటుకొద్దీ అనేసి, అత్తగారు నాలిక కరుచుకుని కొడుకువైపు చూసింది.

"కేబులూ, మాడిపోయిన బ్రేకు లైనర్లూ మార్చేస్తా. మళ్ళీ ఇలా అవకుండా ఉండాలంటే ఒకటే మందు. రోజూ నడపాలి."

"రోజూ అంటే?"

"రోజూ అంటే రోజూనే సార్. పనికెళ్ళేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇచ్చెయ్యండి."

అతను కారుని చూశాడు, వీధిని చూశాడు, అంత రద్దీలో తనే నడిపి తన చేత్తో తనే గీతలు పెట్టడం ఊహించుకున్నాడు. పొద్దుటి పందెం సంగతి కోడలు ఎత్తలేదు. కొంగు పిండుకుంటూ నిలబడింది, అంతే.

"బండి ఆరోగ్యం కోసం ఇస్తున్నాను" అన్నాడు తాళం అందిస్తూ.

"బండి కోసమేనండీ" అంటూ దాన్ని సంచిలో, లైసెన్సు పక్కన వేసుకుంది. భోజనం ఆడపడుచే గిన్నెల్లో సర్దుకుని బస్సులో తెచ్చింది.

మర్నాడు ఆఫీసుకి టైముందని భర్త స్టవ్ మీద పాలు పెట్టుకుని పేపరు పట్టుకు కూర్చున్నాడు. కాసేపటికి అత్తగారి ముక్కు కదిలింది.

"ఏదో మాడుతోందిరా."

"కొత్త లైనర్లమ్మా" అన్నాడతను పేపర్లోంచి తల ఎత్తకుండా. "రెండ్రోజులు వాసన ఉంటుందని మెకానిక్ చెప్పాడుగా."

"అవున్లే" అని ఆవిడ మళ్ళీ నిశ్చింతగా కళ్ళు మూసుకుంది.

కారు అప్పటికి ఎంతోసేపటినుంచీ కళ్ళద్దాల దుకాణం ముందు నీడలో చల్లగా నిలబడి ఉంది.