గాడిద సినిమాకు ఇన్విజిలేటరు

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు హాల్లో కుర్చీలను దూరదూరంగా వేశారు. ఒకరి మోచేయి ఇంకొకరికి తగలకూడదు, ఒకరి అభిప్రాయం ఇంకొకరికి అంటకూడదు. ఉద్యోగమంతా పరీక్ష హాళ్లలో కాపలా కాసిన మనిషి. ఇంట్లో సినిమా వేసినా ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

సినిమా ఒక గాడిద గురించి. కంప్యూటర్లో చేసిన పిల్లల బొమ్మల సినిమా. థియేటర్లలో వారం కూడా ఆడలేదు. చూసినవాళ్ల కంటే చూడకుండా తిట్టినవాళ్లే ఎక్కువ. ఆ గాడిద ఒంటి మీది బొచ్చంతా మాస్టారి ఒక్కగానొక్క కూతురి పనితనం. "ఇంత చదివించింది గాడిదకి బొచ్చు మొలిపించడానికా?" అని ఒకప్పుడు ఎగతాళి చేసిన తండ్రే, ఇప్పుడు ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్నారు.

"రేపు బ్యాంకు ఉద్యోగంలో చేరిపోతా నాన్నా," అంది కూతురు. "ఇవాళ ఒక్కరైనా మనస్ఫూర్తిగా నవ్వితే అప్పుడు ఆలోచిస్తా. కానీ నేను చేశానని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. మొహమాటానికి మెచ్చుకుంటారు."

"చెప్పను. నువ్వు వంటింట్లో కూర్చుని విను. అంతా న్యాయంగా జరుగుతుంది," అన్నారు మాస్టారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. రిటైరైన మనిషి, చంటిపిల్లలు లేని ఇంట్లో, పెద్దవాళ్లను పిలిచి పిల్లల సినిమా వేస్తానంటే ఎవరు నమ్ముతారు? పైగా కిందటి నెలే పై అంతస్తు ఆసామి ఇలాగే టీకి పిలిచి, కుశల ప్రశ్నలడిగి, అందరికీ పరుపులు అంటగట్టాడు.

పక్కింటి పళ్ల డాక్టరు, కింద అంతస్తు దర్జీ, ఎదురింటి పిన్నిగారు వచ్చారు. మాస్టారు గుమ్మంలోనే పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

"ఫోన్లు ఇందులో పెట్టండి."

పెట్టారు. మధ్యలో ఎవరూ వచ్చి చెడగొట్టకుండా ఆయన తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. "మాట్లాడుకోవద్దు. పక్కవాళ్ల ముఖాలు చూడొద్దు. అయిపోయేదాకా ఎవరూ లేవొద్దు."

దర్జీ ఆ జేబు వైపే చూశాడు. "పరుపులే అయ్యుంటాయి," అన్నాడు డాక్టరుతో, పెదవులు కదపకుండా.

"ఏదీ బాగుందనకండి," అన్నాడు డాక్టరు. "నవ్వామా, బిల్లు రాసేస్తాడు."

సినిమా మొదలైంది. గాడిద సబ్బునీళ్ల తొట్టిలో పడి, బొచ్చంతా ఒంటికి అతుక్కుపోయి, సగం గాడిదై బయటికొచ్చింది. దర్జీ రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. డాక్టరు తొడ గిల్లుకున్నాడు. వానలో గాడిద తల్లి తప్పిపోయినప్పుడు పిన్నిగారు ముక్కు చీది, జలుబు చేసిందన్నట్టు అందరి వైపూ కోపంగా చూశారు. మాస్టారు అన్నీ గమనించారు గానీ, ఎవరి నోటా చిన్న శబ్దం లేదు.

భార్య వంటింట్లోంచి వచ్చి ఆయన చెవిలో చెప్పింది. "పిల్ల ఏడుస్తోందండీ. రేపటికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది."

సినిమా అయిపోగానే మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు అసలు సంగతి చెప్తాను."

అంతే! ముగ్గురూ ఒక్క ఉదుటున తలుపు మీద పడ్డారు.

"మా ఇంట్లో చోటు లేదండీ!" అని డాక్టరు.

"నాకసలు నడుంనొప్పే లేదు!" అని దర్జీ.

పిన్నిగారు మాత్రం వెనక్కి తిరిగి నడుం మీద చెయ్యి పెట్టారు. "చూడండి మాస్టారూ, ఆ గాడిద తడిసినప్పుడు నవ్వాపుకోలేక చచ్చాను. వాళ్లమ్మ కనబడనప్పుడు గుండె నీరైపోయింది. ఆ బొచ్చు గాలికి కదులుతుంటే చెయ్యి చాచి నిమరాలనిపించింది. అయినా సరే, పరుపు మాత్రం కొనను!"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. ఎర్రబడ్డ ముక్కుతో కూతురు బయటికొచ్చింది.

"ఆ బొచ్చు నేను చేసిందే పిన్నిగారూ."

దర్జీ రుమాలు జేబులో పెట్టేసుకున్నాడు. గంటన్నర బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. "ముందే చెప్పొద్దా మాస్టారూ! తొడంతా కమిలిపోయింది!" అన్నాడు డాక్టరు. ముగ్గురూ గాడిద నడక నడిచి చూపించుకున్నారు. కూతురి ముఖం వెలిగింది.

"మీకెలా అనిపించింది నాన్నా?" అంది తండ్రి వైపు తిరిగి.

మాస్టారు పళ్లెంలోని ఫోన్లు సర్దారు. "నేను చూడలేదమ్మా."

"అదేంటి, ఇక్కడే ఉన్నారుగా!"

"టీవీకి వీపు పెట్టి నిలబడ్డాను. వీళ్లని చూస్తూ... అలవాటు."

కూతురు వంటింట్లో చెవులు రిక్కించుకుని ఎదురుచూసింది ఎవరి నవ్వు కోసమో మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల దించుకున్నారు.

కూతురు ఒక కుర్చీ తెచ్చి టీవీ ఎదురుగా వేసింది. "కూర్చోండి."

సినిమా మళ్లీ మొదలైంది. ఈసారి టీవీకి వీపు పెట్టి నిలబడింది కూతురు. గాడిద తొట్టిలో పడగానే మాస్టారు కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వారు. తల్లి తప్పిపోయినప్పుడు కళ్లజోడు తీసి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆగలేక, "ఆ బ్యాంకు వాళ్లకి రానని చెప్పెయ్యమ్మా," అన్నారు.

కూతురు అలాగేనంది; హాల్లో మాట్లాడినందుకు ఆయన్ను మళ్లీ మొదటి నుంచి చూడమంది.